తీరిక లేనివారికి సగం వంట పద్ధతి

పని ముగించుకుని ఇంటికి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడతాం చూడండి, ఆ రాత్రి ఏం తింటామన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. లోపల కూరగాయలు లేక కాదు. వాటిని కడగాలి, తరగాలి, అసలు వాటితో ఏం చేయాలో ఆలోచించాలి. కడుపేమో అప్పటికే నకనకలాడుతూ ఉంటుంది. చేయి ఫోను మీదికి పోతుంది, కాసేపటికి ఎవరో వండిన తిండి గుమ్మం ముందుకు వస్తుంది. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. రోజంతా తల పగలగొట్టుకున్న మనిషి ఆకలి మీద ఉన్నప్పుడు మళ్ళీ ఆలోచనలు, నిర్ణయాలు, శ్రమ అన్నీ ఒకేసారి మీద పడితే ఎవరైనా చేతులెత్తేస్తారు.

కాబట్టి ఇక్కడ చెప్పబోయేవి గబగబా వండే చిట్కాలు కావు. ఆ మూడు పనులనూ విడదీయడం ఎలాగో చెబుతాను. ఆలోచన ఆకలి లేనప్పుడు చేయాలి, శ్రమ తీరిక ఉన్నప్పుడు పడాలి, ఆకలి వేసినప్పుడు మిగిలే పని పది పదిహేను నిమిషాలు దాటకూడదు.

సెలవు రోజున వారానికి సరిపడా భోజనాలు వండి వరుసగా డబ్బాల్లో సర్దుకోమని చాలామంది సలహా ఇస్తారు. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. మూడో రోజుకే అదే రుచి, అదే డబ్బా చూసి మొహం మొత్తుతుంది. నాలుగు రోజులు దాటాక అది తినదగ్గదా కాదా అన్న అనుమానం మొదలవుతుంది. పైగా సెలవు కాస్తా వంటింట్లోనే కరిగిపోతుంది. దానికి బదులు సగమే వండి పెట్టుకోండి. అంటే పూర్తయిన వంటకాలు కాకుండా, వంటకంగా మారడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న సరుకు: ఉడికిన గింజలు, వేగిన ఉల్లి ముద్ద, కడిగి ఆరబెట్టిన ఆకులు, ఉడికించిన గుడ్లు. ఏ రుచిలోకి మార్చాలన్నది ఆ పూటకు వదిలేయండి.

ముందు వారాన్ని కాగితం మీద పెట్టండి

ఏ రోజు ఏ కూర అని జాబితా రాయవద్దు. అలాంటి జాబితాలు రెండో రోజుకే తప్పుతాయి, తప్పిన జాబితా చూస్తే ఉన్న ఉత్సాహం కూడా పోతుంది. రాబోయే ఏడు సాయంత్రాల పక్కన ఒక్కో అంకె మాత్రం వేయండి. ఆ రోజు వంటకు నిజంగా ఎన్ని నిమిషాలు దొరుకుతాయో అదే ఆ అంకె. కొన్నిటికి 30 వస్తుంది, కొన్నిటికి 10, ఒకటి రెండింటికి సున్నా. సున్నా వేయడానికి మొహమాటపడకండి. ఆ రోజు వండలేమని ముందే తెలిస్తే, అంతకుముందు రాత్రి ఇంకో ఇద్దరికి సరిపడా ఎక్కువ వండి దాచుకోవచ్చు. ఎటొచ్చీ తెలియకుండా మీద పడే సున్నాతోనే చిక్కు.

తర్వాత ఆ వారంలో గంటన్నర ఖాళీ ఎక్కడుందో వెతకండి. అది సెలవు రోజే కానవసరం లేదు. రాత్రి భోజనం అయ్యాక పాటలు పెట్టుకుని చేసినా సరే, పొద్దున్నే ఇంట్లో వాళ్ళు లేవకముందు చేసినా సరే. వారం మధ్యలో ఇంకో అరగంట కూడా కావాలి. ఇంతకు మించి సమయం అడిగే పద్ధతి ఏదైనా నెల తిరగకుండానే మూలన పడుతుంది.

పళ్ళెంలో ఏది ఎంత

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 2011లో విడుదల చేసిన పళ్ళెం బొమ్మ ఒకటి చాలు: సగం కూరగాయలు, పండ్లు, పావు వంతు పొట్టు తీయని ధాన్యం, మిగతా పావు పప్పులు, గింజలు, గుడ్లు, చేపలు, మాంసం లాంటి మాంసకృత్తులు ఉన్నవి. బంగాళాదుంపను అందులో కూరగాయల లెక్కలోకి తీసుకోలేదు. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కలోనూ దుంపలకు చోటు లేదు. అంటే రెండు పూటలా పళ్ళెంలో కనిపించేంత కూర, ఆపైన ఒకటి రెండు పండ్లు. తూకం వేసుకుంటూ కూర్చోవడం అనవసరం. వడ్డించాక పళ్ళెం వైపు ఒకసారి చూసి, ధాన్యం సగం దాటి ఆక్రమించిందా అని చూసుకుంటే చాలు. తీరిక లేని ఇళ్ళలో ఎప్పుడూ మొదట తగ్గిపోయేది కూరగాయలే, ఎందుకంటే కడగడం, తరగడం వాటికే కావాలి. సగం వంటలో ఎక్కువ భాగం వాటికే కేటాయించమనడానికి కారణం అదే.

చెడిపోయే వరుసలో కొనండి, అదే వరుసలో తినండి

కొన్న కూరగాయలన్నీ ఒకే వేగంతో వాడవు. ఆకుకూరలు, పుట్టగొడుగులు రెండు మూడు రోజుల సరుకు. టమాటాలు, బీన్స్, వంకాయలు, కాప్సికమ్ వారం మధ్య దాకా వస్తాయి. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ వారం దాటినా నిలబడతాయి. గుమ్మడికాయ కోయకుండా ఉంచితే నెలల తరబడి అలాగే ఉంటుంది. కొనేటప్పుడు మూడు రకాలూ కలిపి కొని, వారం మొదట్లో ఆకుకూరలు, చివర్లో క్యాబేజీ, క్యారెట్ తినండి. చెప్పడానికి ఇంత చిన్న సంగతే, కానీ వారం చివర ఫ్రిజ్ అడుగున నల్లబడిన ఆకుల మూట దొరకడం దీనితోనే ఆగిపోతుంది.

ఆకులు కుళ్ళడానికి కారణం చాలాసార్లు వాటి మీద నిలిచిన తడే. తెచ్చిన రోజే కడిగి, పొడి గుడ్డ మీద పరిచి, పూర్తిగా ఆరాక కాగితంలో గానీ గుడ్డలో గానీ చుట్టి డబ్బాలో పెడితే ఇంకో రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి. ఆపిల్, అరటి లాంటి పండ్లు పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. అది తగిలితే పక్కనున్న ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, కాబట్టి పండ్లను వేరే చోట ఉంచండి.

వీటి వెనకాల, ఎన్నాళ్ళయినా ఎదురుచూసే సరుకు ఒక వరుస ఉండాలి. బియ్యం, ఓట్స్, రెండు మూడు రకాల పప్పులు, శనగలు, వేరుశనగ, నువ్వులు, ఉల్లి, వెల్లుల్లి, గుడ్లు. ఫ్రీజర్‌లో ఒక సంచి బఠానీ. గడ్డకట్టిన కూరగాయలంటే చాలామంది మొహం తిప్పుకుంటారు, కానీ వాటిని కోసిన కొద్ది గంటల్లోనే వేడి నీళ్ళలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. కోసి, రవాణా చేసి, దుకాణంలో రెండు రోజులు, మన ఫ్రిజ్‌లో నాలుగు రోజులు గడిపిన ‘తాజా’ బఠానీకంటే అవేం తీసిపోవు. డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు, చేపలు కూడా ఒకటి రెండు ఉంచుకోవచ్చు. శనగలను నీళ్ళు పారబోసి ఒకసారి కడిగితే ఉప్పు కొంత పోతుంది.

ఆ గంటన్నరలో ఏం చేయాలి

పని అసలు ముందు రోజు రాత్రే మొదలవుతుంది, కానీ అది అర నిమిషం పని. శనగలో, రాజ్మానో నిండా నీళ్ళు పోసి నానబెట్టి పడుకోవడం. 200 గ్రాముల ఎండు శనగలు ఉడికాక బరువులో రెట్టింపు దాటుతాయి కాబట్టి, ఒక చిన్న గిన్నెడు నానబోస్తే ముగ్గురు నలుగురికి రెండు పూటలకు వస్తుంది.

మర్నాడు వంటింట్లోకి వెళ్ళగానే మొదట కుక్కర్ ఎక్కించండి. మీరు చూడకపోయినా తన పని తాను చేసుకుపోయే వాటిని ముందు మొదలుపెట్టడమే ఈ గంటన్నర కిటుకు. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. బిగించిన కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి పెరిగి ఆ అంకె సుమారు 120 దాకా వెళుతుంది. గిన్నెలో గంట దాటి ఉడికే శనగలు అందులో ఇరవై నిమిషాలు అటూ ఇటూగా మెత్తబడేది అందుకే. ఉప్పు ముందే వేసుకోవచ్చు, కానీ టమాటా, నిమ్మరసం లాంటి పులుపు మాత్రం ఉడికాకే. పులుపు తగిలితే గింజ తోలు బిగుసుకుపోయి ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది.

రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక. పచ్చి గింజలో ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లేలా మరిగించాలి. సన్న సెగ మీద గంటల తరబడి వెచ్చగా ఉంచే విద్యుత్ పాత్రల్లో పచ్చి రాజ్మాను నేరుగా వేయకూడదు. వాటి వేడి ఆ విషాన్ని విరచడానికి సరిపోదు.

కుక్కర్ పొయ్యి మీద ఉండగా ఇంకో గిన్నెలో గుడ్లు పడేయండి, పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి. పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు. ఏమీ చేయలేని రాత్రి రెండు గుడ్లు, ఒక పండు, ఒక ముక్క రొట్టె ఉంటే అది గౌరవప్రదమైన భోజనమే.

ఇప్పుడు అసలు పని, ఉల్లి ముద్ద. వారం మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయమంటాను. పెద్ద ఉల్లిపాయలు ఆరేడు సన్నగా తరగండి. వెడల్పాటి బాణలిలో నూనె వేసి, వేడెక్కాక ఉల్లి, దానితోపాటే ఉప్పు వేయండి. ఉప్పు ఉల్లిలోని నీటిని బయటికి లాగుతుంది, దాంతో మొదటి ఐదారు నిమిషాలు ముక్కలు వేగవు, మగ్గుతాయి. అప్పుడు మంట పెంచాలని చేయి తహతహలాడుతుంది. పెంచకండి. మధ్యస్థంగా ఉంచి, అప్పుడప్పుడు కలుపుతూ పక్కన క్యారెట్లు తరుక్కోండి. నీరు ఇగిరిపోయాక చిటపట శబ్దం మారుతుంది, బాణలి అడుగున గోధుమరంగు పొర పట్టడం మొదలవుతుంది. అది మాడు కాదు, రుచంతా అందులోనే ఉంది. రెండు చెంచాల నీళ్ళు చల్లి గరిటెతో గీకితే ఆ పొర ఊడి ఉల్లిలో కలిసిపోతుంది, ఉల్లి ఒక్కసారిగా రంగు తిరుగుతుంది. ఇలా రెండు మూడు సార్లు చేస్తే పాతిక నిమిషాల్లో ముద్ద చెరుకుపాకం రంగుకు వస్తుంది. అప్పుడు వెల్లుల్లి, అల్లం, నిమిషం తర్వాత తరిగిన టమాటాలు. టమాటా తోలు వీడి, నీరంతా పోయి, అంచుల వెంట నూనె కనిపించే వరకు వేయించి దించండి. మసాలాలు ఇందులో వేయకండి, వేస్తే వారమంతా ఒకే రుచిలో ఇరుక్కుంటారు.

చల్లారాక దీన్ని ఐస్ ముక్కల పళ్ళెంలో నింపి గడ్డకట్టించి, తర్వాత ఒక సంచిలోకి మార్చుకోండి. రెండు మూడు నెలలు రుచి చెడదు. ఇద్దరి కూరకు నాలుగు ముక్కలు. అరగంట పట్టే పని అర నిమిషంలో బాణలిలో పడుతుంది.

పొయ్యి మీద ఇవి అవుతుండగా చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి గట్టి కూరగాయలు తరిగి పెట్టుకోండి. క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, బీన్స్ తరిగాక మూత డబ్బాలో మూడు రోజులు బాగానే ఉంటాయి. తరిగిన కూరలో సి విటమిన్ కొంత తగ్గుతుందన్నది నిజమే, కానీ తరగని కూర వండకుండా కుళ్ళిపోతే విటమిన్ పూర్తిగానే పోతుంది. టమాటా, దోసకాయ, ఆకులు మాత్రం ఏ పూటకు ఆ పూటే కోయండి. తరిగాక మళ్ళీ నీళ్ళలో కడగవద్దు. సి విటమిన్, ఫోలేట్ అనే బి విటమిన్ రెండూ నీటిలో కరిగేవే, కడుగులోనే కొంత పోతాయి.

ఓవెన్ ఉంటే ఇంకా తేలిక. గుమ్మడి, క్యారెట్, కాలీఫ్లవర్ ముక్కలకు నూనె, ఉప్పు పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా పళ్ళెంలో పరిచి 200 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే అంచులు ఎర్రబడి తియ్యగా అవుతాయి. ఇరుకుగా పోస్తే వేగవు, ఆవిరికి ఉడికి మెత్తబడతాయి.

చివరగా ఒక చిన్న గిన్నెడు కలుపుడు చేసి పెట్టుకోండి. వేయించిన నువ్వుల పొడి, నిమ్మరసం, ఉప్పు, కాస్త నీళ్ళు కలిపి గిలకొట్టినా చాలు. లేదా పెరుగులో జీలకర్ర పొడి, పుదీనా. ఉడికిన గింజలైనా, వేగిన కూరలైనా దీనితో చప్పదనం వదిలి భోజనంగా మారతాయి. నిమ్మరసం వల్ల ఇంకో లాభం ఉంది. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును శరీరం అంత తేలిగ్గా పీల్చుకోలేదు, సి విటమిన్ తోడైతే బాగా పీల్చుకుంటుంది. భోజనంతోపాటు కాఫీ, టీ తాగితే అది తగ్గుతుంది. టీ లేనిదే ముద్ద దిగదనేవారు దాన్ని కనీసం గంట వెనక్కి జరుపుకోవడం మేలు.

దాచడంలో అశ్రద్ధ వద్దు

రుచి కుదరకపోతే ఒక పూట పోతుంది, దాచడం కుదరకపోతే మంచాన పడతారు. సూక్ష్మజీవులు చకచకా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. వండినది ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటకే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. రాత్రి వండి గిన్నెతో సహా పొయ్యి మీదే వదిలి, పొద్దున్నే ‘వాసన బాగానే ఉంది’ అనుకుని తినడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో చాలావాటికి వాసనే ఉండదు.

పెద్ద గిన్నెలో నిండుగా ఉన్న కూర పైన చల్లబడినా నడిమధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. అందుకని వెడల్పాటి, లోతు తక్కువ డబ్బాల్లోకి పంచండి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పూర్తిగా చల్లారేదాకా బయట ఉంచాలన్నది పాత ఫ్రిజ్‌ల నాటి భయం. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉందో లేదో చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోండి. ఉడికిన గింజలు, కూరలు మూడు నాలుగు రోజులు. అంతకు మించి అక్కర ఉంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టాలి, నాలుగో రోజు గుర్తొచ్చి పెట్టడం కాదు. డబ్బా మీద తేదీ రాసిన చిన్న కాగితం అంటించండి.

అన్నం సంగతి వేరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. అవి ఉడికినా చావవు. అన్నం బయట ఉంటే మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాలి. నన్నడిగితే వారానికి సరిపడా అన్నం వండి దాచడం ఈ పద్ధతిలో చేయకూడని పని. అన్నం ఎలాగూ ఇరవై నిమిషాల్లో తనంతట తానే ఉడుకుతుంది. తప్పదనుకుంటే ఒక్కో పూటకు సరిపడా సంచుల్లో పలచగా పరిచి వేడి తగ్గిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి.

నూనెలో నిల్వ ఉంచిన పచ్చి వెల్లుల్లి కూడా ప్రమాదకరమే. గాలి తగలని చోట పెరిగే బొట్యులినం బాక్టీరియాకు నూనె అడుగు చక్కని చోటు. అలాంటి ముద్ద చేసుకుంటే ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి.

వేడి చేసేటప్పుడు తినేంత మేరకే తీసి, మధ్య దాకా పొగలు కక్కేలా వేడి చేయాలి. కనీసం 70 డిగ్రీలు అని లెక్క. మైక్రోవేవ్‌లో అంచులు మరుగుతుంటే మధ్య చల్లగా ఉంటుంది, సగంలో తీసి ఒకసారి కలిపి మళ్ళీ పెట్టండి.

ఆకలి వేసిన రాత్రి

ఇంటికి రాగానే ఇంకేమీ ఆలోచించకుండా అన్నం ఎక్కించండి, తర్వాత చెప్పులు విడవండి. (అతిశయోక్తే, కానీ ఆ వరుస మాత్రం నిజం.) అది ఉడికే ఇరవై నిమిషాల్లో మిగతాదంతా అయిపోవాలి.

మొదటి రెండు రోజులు ఆకులు వాడాల్సిన రోజులు. బాణలిలో ఉల్లి ముద్ద నాలుగు ముక్కలు కరిగించి, మిరియాల పొడో కారమో వేసి, రెండు గరిటెల శనగలు, గుప్పెడు గుప్పెడుగా ఆకులు వేస్తే ఆరేడు నిమిషాల్లో కూర. తర్వాత రోజు అదే ముద్దలో కాస్త నీళ్ళు ఎక్కువ పోసి, చిన్న గుంటలు చేసి గుడ్లు కొట్టి మూత పెట్టండి. తెల్లసొన గట్టిపడగానే దించి రొట్టెతో తినవచ్చు. మూడో రోజుకు మొదట తరిగిన క్యారెట్, క్యాబేజీ సిద్ధంగా ఉన్నాయి. పెద్ద మంట మీద నాలుగు నిమిషాలు తిప్పి, ఫ్రీజర్‌లోంచి తీసిన బఠానీ వేసి, పైన నువ్వుల కలుపుడు. మసూర్ పప్పుకు నానబెట్టడం అక్కర్లేదు, మామూలు గిన్నెలోనే అన్నంతోపాటు ఉడికిపోతుంది. దాన్ని పలచగా చేసి కూరగాయ ముక్కలు వేస్తే ఒంట్లో బాగాలేని రోజున హాయిగా దిగే చారు అవుతుంది. ఒకే శనగలు, ఒకే ఉల్లి ముద్ద, కానీ ఏ రెండు రాత్రులూ ఒకేలా ఉండవు. తేడా అంతా చివర వేసే మసాలాలో, పులుపులో, పైన చల్లేదానిలో ఉంటుంది. అందుకే మసాలా ముందు వేయవద్దన్నది.

వారం మధ్య అరగంటలో ఇంకోసారి ఆకులు కడుక్కోవడం, తరిగిన కూరలు అయిపోతే మరికొన్ని తరగడం, శనగలు నిండుకుంటే పప్పు ఉడికించడం. అంతే.

మధ్యాహ్నం డబ్బా పట్టుకెళ్ళేవారు ఒక్క మార్పు చేయండి. రాత్రి అందరూ తిన్నాక మిగిలింది సర్దకుండా, వడ్డించడానికి ముందే డబ్బాకు తీసిపెట్టండి. మిగిలితే సర్దుదామనుకుంటే మిగలదు, మిగిలినా అందులో కూర ఉండదు, అన్నమే ఉంటుంది. ఉదయానికి ఓట్స్ రాత్రే పాలలోనో పెరుగులోనో నానబెట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పొయ్యి వెలిగించే పనే లేదు. పండు ముక్కలు, నాలుగు వేరుశనగ గింజలు పైన వేసుకోండి.

ఏదీ కుదరని రోజు

అలాంటి రోజు తప్పకుండా వస్తుంది. దానికోసం ఒక భోజనం ఖాయం చేసి ఉంచండి, దాని సరుకు ఎప్పుడూ ఇంట్లో ఉండేలా చూడండి. డబ్బా శనగలు, నిమ్మకాయ, ఉల్లిపాయ, రొట్టె కావచ్చు. గుడ్లు, బఠానీ, అన్నం కావచ్చు. వాడిన రోజే మళ్ళీ కొనే చీటీలో రాసుకోవాలన్నది ఒక్కటే నియమం.

బయటి నుంచి తెప్పించినా నేరమేమీ కాదు. తెప్పించిన దాని పక్కన మీ ఫ్రిజ్‌లోని కూర ఒక గిన్నెడు పెడితే సగం పళ్ళెం లెక్క దాదాపు కుదురుతుంది. ప్యాకెట్లలో దొరికే సిద్ధాహారం కొనేటప్పుడు వెనకాల చూడండి. అందులో ఏమేం ఉన్నాయో బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, కాబట్టి చక్కెరో నూనో మొదటి మూడింట్లో ఉంటే అసలు సంగతి అర్థమైనట్టే. ఉప్పును చాలాసార్లు సోడియంగా రాస్తారు. ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. 800 మిల్లీగ్రాముల సోడియం ఉన్న ఒక్క ప్యాకెట్‌తోనే అందులో 2 గ్రాములు అయిపోతాయి.

ఎవరి పని ఏది

ఇద్దరో ముగ్గురో ఉన్న ఇంట్లో ఈ గంటన్నర ఒక్కరి నెత్తినే పడితే అది పద్ధతి కాదు, మరో ఉద్యోగం. తీరిక లేనిది వండేవారికి మాత్రమేనా? ముందు ఇంటికి వచ్చినవారు అన్నం ఎక్కించాలి, అది ఎవరైనా సరే. ఎనిమిదేళ్ళ పిల్లలు గుడ్ల పెంకు తీయగలరు, ఆకులు ఏరగలరు, డబ్బాల మీద తేదీలు రాయగలరు. వంట బొత్తిగా రానివారికి కుక్కర్ చూసుకోవడం, తరగడం అప్పగించండి. ఫ్రిజ్‌లో ఏముందో ఒక్కరి తలలోనే ఉండకుండా, తలుపు మీద చీటీ అంటించి ఉంచితే ‘ఏముంది వండడానికి?’ అన్న ప్రశ్న మిమ్మల్నే వెతుక్కుంటూ రాదు.

మొదటి వారం లెక్కలు తప్పుతాయి, కొన్ని మిగులుతాయి, కొన్ని చాలవు. కొత్త సరుకు కొనడానికి వెళ్ళే ముందు చెత్తబుట్టలో ఏం పడిందో, ఏ డబ్బా అన్నిటికంటే ముందు ఖాళీ అయిందో చూసుకుని చీటీ రాయండి. ఆకులు పారేశారంటే ఒక కట్ట తగ్గించండి, ఉల్లి ముద్ద నాలుగో రోజుకే అయిపోయిందంటే ఈసారి బాణలి పెద్దది తీయండి.